ఫర్నేసు గొట్టం ముందు కరివేపాకు

ముందే ఒప్పేసుకుంటున్నాను, నేను పెంచి చెప్పే మనిషిని. మా ఫార్మింగ్టన్ హిల్స్‌లో చీలమండ దాకా మంచు పడితే ఆఫీసులో మోకాలి దాకా అంటాను. ఇండియాకి ఫోన్ చేసినప్పుడు తాటిచెట్టంత అంటాను. నలుగురిలో నేను ఏదైనా చెప్తుంటే నా భార్య శైలజ నా వెనకాల నిలబడి రెండు అరచేతులూ దగ్గరికి తెచ్చి చూపిస్తుంది, ఇంతకి తగ్గించుకోండి అని. మీరూ అలాగే తగ్గించుకుంటూ చదవండి. భయం దగ్గర మాత్రం తగ్గించకండి. దాన్ని పెంచడానికి నాకు జాగా దొరకలేదు.

నా బుర్ర మళ్ళీ వరసలో పనిచేస్తోందో లేదో చూసుకుందామని ఇది మొదలుపెట్టాను. మీరు చదివాక లేచి, కోటు వేసుకుని, మీ ఇంటి గోడ అవతలి వైపు ఒకసారి చూసొస్తారన్న ఆశ కూడా ఉంది.

నవంబరు

ఆ వేసవిలో మా అత్తగారు గుంటూరు నుంచి వచ్చారు. రైల్వే రిజర్వేషన్ కౌంటర్ వెనక కూర్చుని రిటైరైన మనిషి. జీవితమంతా జనానికి ‘లేదు’ అని చెప్పిన గొంతు అది. మా ఇంట్లో నేను ఇంకో గారె అడిగినా “వెయిటింగ్ లిస్టు బాబూ” అనేవారు. మోకాళ్ళ నొప్పులని ఆవిడకి కింది గది ఇచ్చాం. పడుకునే ముందు స్టేషన్ల పేర్లు వరసగా చెప్పుకోవడం ఆవిడకి అలవాటు. విజయవాడ, కృష్ణా కెనాల్, కొలనుకొండ, పెదవడ్లపూడి, చిలువూరు, దుగ్గిరాల, తెనాలి. తెనాలి దాటేలోపు గురక మొదలయ్యేది. ఆ గురకకి మా వీధిలో ఉడతలు ఊరు వదిలిపోయాయి.

ఇక కరివేపాకు సంగతి. మిషిగన్‌లో కరివేపాకు మొక్కని చలికాలం దాటించినవాడికి తెలుగువాళ్ళలో ఉన్న మర్యాద సిటిజన్‌షిప్ వచ్చినవాడికి కూడా లేదు. మా ఇంట్లో అప్పటికే కొన్ని మొక్కలు డిసెంబరు చూడకుండా కన్నుమూశాయి. ఈసారి శైలజ స్నేహితురాలు ఇచ్చిన పిలక అత్తయ్యగారి చేతి మహిమతో నడుమెత్తు పెరిగింది. ఆ మొక్కతో ఆవిడ నాతో మాట్లాడిన దానికంటే ప్రేమగా మాట్లాడేవారు.

మొదటి మంచు పడ్డ పొద్దున ఆవిడ తన కిటికీలోంచి నన్ను పిలిచారు.

“బాబూ, ఇలా రండి. ఊరంతా తెల్లగా ఉంటే ఈ కిటికీ కింద నేల తడిగా ఉందేం?”

బయటికెళ్ళి చూశాను. కిటికీ పక్కన గోడలోంచి రెండు తెల్లటి ప్లాస్టిక్ గొట్టాలు బయటికి వచ్చి ఉన్నాయి. బేస్‌మెంట్‌లో ఉండి ఇల్లంతా వెచ్చబెట్టే గ్యాస్ ఫర్నేసువి. ఒకటి బయటి గాలిని లోపలికి పీలుస్తుంది, ఇంకోటి కాలిన గాలిని బయటికి వదులుతుంది. ఆ రెండోదాని ముందు చెయ్యి పెట్టాను. వెచ్చగా, తేమగా, గుంటూరు జులై మధ్యాహ్నంలా ఉంది.

“ఇంత వేడీ ఊరికే పోతోందా?” అన్నారావిడ, ఖాళీ బెర్తుతో బండి వెళ్ళిపోతున్నంత బాధగా.

నేను కార్ల కంపెనీలో ఇంజినీర్ని. సీట్లు డిజైన్ చేస్తాను. పొగ వెళ్ళే వైపు నా డిపార్ట్‌మెంట్ కాదు. కానీ ఆ శనివారం నేను కట్టిన గుడారాన్ని చూస్తే నన్ను అంతరిక్ష కేంద్రానికి ఛీఫ్‌గా వేసేవారు. చెక్క ఫ్రేము, దాని మీద మందపాటి ప్లాస్టిక్ షీటు, అంచులకి టేపు. రెండు గొట్టాలూ, కరివేపాకు కుండీ, అత్తయ్యగారి కిటికీ కింది సగం, అన్నీ లోపలికే వచ్చాయి. కిటికీ కొంచెం పైకి జరిపితే చాలు, ఆవిడ మంచం మీంచి లేవకుండా చెయ్యి చాపి రెబ్బలు తెంపుకోవచ్చు.

శైలజ ఫొటోలు తీసి మా వాట్సాప్ గ్రూపులో పెట్టింది. చప్పట్ల బొమ్మలు కురిశాయి. జార్జియాలోని కమ్మింగ్ నుంచి శ్రీధర్ అనే ఆయన కొలతలు పంపమని అడిగాడు. పంపాను. చాలా గర్వంగా, బాణం గుర్తులు కూడా గీసి పంపాను.

కొత్త చిగుళ్ళు వచ్చాయి. ఆ వారం మా ఇంట్లో కాఫీలో తప్ప అన్నింట్లో కరివేపాకు వేశారు.

డిసెంబరు మొదట్లో

తలనొప్పి ముందు నాకు వచ్చింది. తలనొప్పంటే మామూలుది కాదు. ఊరేగింపు బ్యాండు ఒక చెవిలోంచి దూరి, రెండో చెవి దగ్గర దారి మూసేసి ఉంటే, లోపలే ఆగిపోయి వాయించినట్టు. ఆఫీసుకి వెళ్తే మధ్యాహ్నానికి తగ్గేది. ఇంటికి రాగానే బ్యాండువాళ్ళు మళ్ళీ హాజరు. ఇదంతా శైలజకి చెప్పాను.

“ఆఫీసులో తగ్గి ఇంట్లో వస్తోందంటే అర్థమేంటండీ? నా మొహం చూస్తే వస్తోందా?”

“నీ మొహం కాదు, మీ అమ్మగారిది” అన్నాను. సరదాగానే అన్నాను. ఆ జోకు ఇప్పటికీ నాకు నోట్లో చేదుగా తగులుతుంది.

తర్వాత శైలజకి వికారం మొదలైంది. ఫ్లూ అనుకున్నాం, ఊళ్ళో అందరికీ ఉంది. అర్జెంట్ కేర్ క్లినిక్‌కి వెళ్తే, వైరల్, నీళ్ళు బాగా తాగండి అన్నారు. తాగాం. ఒక చెరువు మాయం చేశాం. చలి పెరిగే కొద్దీ ఫర్నేసు ఆగకుండా నడిచేది. ఇంట్లో అద్దాలన్నీ లోపలి నుంచి చెమటలు పట్టేవి. ముగ్గురం సోఫాలో కూర్చుంటే ముగ్గురం అక్కడే నిద్రపోయేవాళ్ళం, టీవీ తన పాటికి తను మాట్లాడుకుంటూ ఉండేది.

మేమిద్దరం పగలు బయటికి వెళ్ళేవాళ్ళం. అత్తయ్యగారు వెళ్ళేవారు కాదు.

ఆవిడ ముందు ఉప్పు మరిచిపోయారు. తర్వాత స్టవ్ ఎలా వెలిగించాలో మరిచిపోయారు. ఒకరోజు సాయంత్రం నేను ఇంట్లోకి రాగానే “ఏ ఊరికండీ?” అని అడిగారు. నవ్వించడానికి అన్నారనుకుని “తెనాలికి, ఒక టికెట్” అన్నాను. ఆవిడ నవ్వలేదు. చేత్తో బల్ల మీద దేనికోసమో వెతికారు. ఆ రాత్రి స్టేషన్ల వరస కొలనుకొండ దగ్గర ఆగిపోయింది. మళ్ళీ విజయవాడ నుంచి మొదలుపెట్టారు. మళ్ళీ కొలనుకొండ. గోడ ఇవతల నేనూ శైలజా వింటూ నిలబడ్డాం.

శైలజ తమ్ముడు ప్రసాద్ టెక్సస్‌లో, ప్లేనోలో ఉంటాడు. వీడియో కాల్‌లో తల్లి తనని ఇంకెవరో అనుకుని మాట్లాడాక నాకు విడిగా ఫోన్ చేశాడు.

“బావా, ఇది డిమెన్షియానే. నేను చదివాను. విజిటర్ ఇన్సూరెన్స్ ఇలాంటివి కవర్ చెయ్యదు. హైదరాబాద్‌లో పెద్దవాళ్ళని చూసుకునే మంచి హోమ్ ఉంది, బెడ్ బ్లాక్ చేయిస్తాను. జనవరిలో టికెట్ బుక్ చేద్దాం.”

“మీ అక్కతో మాట్లాడు” అన్నాను.

అక్కాతమ్ముళ్ళు మాట్లాడుకున్నారు. మిషిగన్ నుంచి టెక్సస్‌కి ఫోన్ అక్కర్లేదు, కిటికీ తీస్తే చాలు అన్నంత గట్టిగా. “అమ్మని పార్సిల్ చేస్తావురా?” అని ఇది. “నువ్వు చూసుకోలేకపోతున్నావు కాబట్టే అంటున్నాను” అని వాడు. ఫోన్ పెట్టేసి శైలజ నా మీద పడింది. “మీరు ఒక్క మాట మాట్లాడలేదు. మీక్కూడా పంపించేయాలనే ఉంది.”

నాకు ఉంది. రాయకపోతే ఇదంతా దండగ. తల పగిలిపోతుంటే, ఇంట్లో ఎవరో ఒకరు తగ్గితే బాగుండనిపించింది.

డిసెంబరు చివర, ఒక ఆదివారం

ఆ శని, ఆదివారాలు చలికి ఊరు బిగుసుకుపోయింది. సెలవని ముగ్గురం ఇంట్లోనే ఉన్నాం. పొద్దున లేవబోతే కాళ్ళు నావి కావు, ఎవరో అద్దెకిచ్చినవి. బాత్‌రూమ్‌లో శైలజ వాంతి చేసుకుంటోంది. మెట్లు కూర్చుని కూర్చుని దిగాను.

అత్తయ్యగారు మంచం అంచున కూర్చుని ఉన్నారు. కిటికీ పైకి జరిపి ఉంది. ఒళ్ళో కరివేపాకు రెబ్బలు, మొక్కకి ఉన్నవన్నీ తెంపేశారు. ఇంకా చెయ్యి చాపి, లేని ఆకుల్ని తెంపుతూనే ఉన్నారు. కళ్ళు తెరిచే ఉన్నాయి. పిలిచాను. ఆ కళ్ళు నా వైపు తిరిగాయి, నా దాకా రాలేదు.

ఆంబులెన్స్ పిలవాలని తట్టలేదు. ఆ పూట నా బుర్రకి తట్టినవి ‘కారు తాళాలు’, ‘దుప్పటి’, అంతే. ఆవిడని దుప్పట్లో చుట్టి ముందు సీట్లో కూర్చోబెట్టాను. శైలజ వెనక కూర్చుని తల్లి తలని రెండు చేతులతో పట్టుకుంది. నేను డ్రైవ్ చేయకూడని స్థితిలో డ్రైవ్ చేశాను. మీరు ఎప్పుడూ అలా చేయకండి.

చల్లగాలి తగిలిందేమో, దారిలో అత్తయ్యగారికి మాట వచ్చింది.

“బాబూ, మన పక్క నుంచి మంచు తోసే బండి దాటిపోయింది. చూసుకున్నారా?”

“చూశానండీ.”

“మా గూడ్సు బళ్ళే నయం. ఎర్ర సిగ్నల్‌కి ఆగారు, బాగానే ఉంది. పచ్చది పడ్డాక కూడా ఆగారేం? అది ఏ స్టేషను?”

“క్రాసింగ్ అత్తయ్యగారూ. ఎదుటి బండి పోవాలి.”

“మీకు అమ్మాయినిచ్చిన రోజు నుంచీ నాకు క్రాసింగే” అన్నారు. శైలజ వెనక సీట్లోంచి నవ్విందో ఏడ్చిందో తెలియలేదు.

ఎమర్జెన్సీ వెయిటింగ్ రూమ్ కిక్కిరిసి ఉంది. దగ్గేవాళ్ళు, వణికేవాళ్ళు, చేతికి వంటగుడ్డ చుట్టుకున్న ఒకావిడ. అత్తయ్యగారి దుప్పటి జారిపోతుంటే ఎదుటి కుర్చీలో వేటగాళ్ళ కోటు వేసుకున్న పెద్దాయన లేచి, ఆ కోటు విప్పి ఆవిడ ఒళ్ళో కప్పాడు. పలచటి చొక్కాతో తన కుర్చీలో చేతులు కట్టుకుని కూర్చున్నాడు. ఆయన్ని నేను పెంచి చెప్పలేను, ఎత్తు కూడా మామూలే.

లోపలికి పిలిచాక వచ్చిన డాక్టరు మనమ్మాయి, ఇక్కడే పుట్టింది. పేరు మేఘన. స్ట్రోక్ అనుకుని వాళ్ళ హడావిడి వాళ్ళు మొదలుపెట్టారు. ఆ అమ్మాయి అత్తయ్యగారి చెయ్యి పట్టుకుని, “అమ్మమ్మగారు, మీకు తల నొప్పి ఉంది?” అని అడిగింది. శైలజ గోడకి ఆనుకుని, “నాక్కూడా ఉంది” అంది. నేను “నాక్కూడా” అన్నాను.

ఆ అమ్మాయి మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

“అంకుల్, ఇంట్లో అందరికి హెడేక్ ఉందా? బయట వెళ్తే తగ్గుతుందా?”

“ఆఫీసులో తగ్గుతుంది.”

“మీ ఇంట్లో హీట్ ఏంటి? గ్యాస్?”

తలూపాను. ఆ అమ్మాయి తెలుగు అక్కడితో ఆగిపోయింది. నర్సుతో ఇంగ్లీషులో ఏదో గబగబా చెప్పింది. ముగ్గురి ముక్కుల మీదా మాస్కులు పడ్డాయి, రక్తం తీసుకెళ్ళారు. తిరిగొచ్చి నా మంచం పక్కన కూర్చుంది. “కార్బన్ మోనాక్సైడ్, అంకుల్. వాసన ఉండదు. రంగు ఉండదు. అమ్మమ్మగారికి చాలా ఎక్కువ ఉంది. ఈ నైట్ మీరు ఇంట్లో పడుకుంటే...” ఆ వాక్యానికి తెలుగులో ముగింపు ఆ పిల్లకి రాలేదో, వచ్చినా చెప్పలేదో.

అత్తయ్యగారిని ఇంకో పెద్ద ఆసుపత్రికి పంపారు. అక్కడ గాజు గొట్టంలాంటి గదిలో పడుకోబెట్టి ఆక్సిజన్ ఎక్కించారు. బతుకుతారు అన్నారు. బుర్ర ఎంత వెనక్కి వస్తుందో ఇప్పుడే చెప్పలేం అన్నారు.

ఆసుపత్రివాళ్ళ కబురుతో మా ఇంటికి అగ్నిమాపక దళం వెళ్ళింది. పక్కింటాయన తర్వాత చెప్పాడు. వాళ్ళు తలుపు తీయగానే చేతిలో మీటరు అరిచిందట, అందరూ ఒక అడుగు వెనక్కి వేశారట. ఆ గుడారం వల్ల ఫర్నేసు తను వదిలిన గాలినే తను మళ్ళీ పీల్చుకుంటూ, సరిగ్గా మండలేక విషం కక్కుతోంది. దానికి దారి అత్తయ్యగారి కిటికీ. వంటింటి గోడకుండే అలారం ఏమైందని ఫోన్‌లో అడిగారు. దీపావళి వంటల్లో ఎండుమిరపకాయలు వేయించిన ఘాటుకి అది కుయ్యోమంటుంటే బ్యాటరీ తీసి సొరుగులో పడేశాం. పొగకీ, ఈ గాలికీ కలిపి ఒకటే పెట్టె. ఆ సంగతి దాని మీదే రాసి ఉంటుంది, మేమే చదవలేదు. తీసింది మీరంటే నువ్వేనని శైలజా నేనూ ఆసుపత్రి మంచాల మీద, మాస్కుల్లోంచి పోట్లాడుకున్నాం. మాస్కులో తిట్లు సగమే వినపడతాయి. నా కాపురాన్ని నిలబెట్టింది అదే.

తిడుతూ తిడుతూ శైలజ ఠక్కున ఆగి మాస్కు తీసేసింది.

“ఏవండీ, ఆ కమ్మింగ్ ఆయన కొలతలు అడిగాడు కదా.”

శైలజే శ్రీధర్ నంబరు నొక్కి ఫోన్ నా చెవి దగ్గర పెట్టింది.

“అన్నా, మంచిగున్నరా?” అన్నాడు శ్రీధర్ హుషారుగా. “మీ డిజైన్ జబర్దస్త్ ఉన్నదన్నా! నిన్ననే కట్టిన. ఇయ్యాల్ల మా దగ్గర కూడ మస్తు చలి.”

“ఏ కిటికీ పక్కన?”

“మా చిన్నది పడుకునే రూం. ఫ్లూ ఉన్నట్టున్నది, పొద్దుగాల నుంచి లేస్తలేదు. ఎందుకన్నా?”

ఎలా చెప్పానో తెలియదు. జోకు మాత్రం వేయలేదు. అవతల ఫోన్ నేల మీద పడింది. పరుగు, ఒక తలుపు, ఆయన పాప పేరు పిలవడం. మళ్ళీ పిలవడం. తర్వాత చాలాసేపు ఏమీ లేదు. ఆ ‘ఏమీ లేదు’ని నేనింకా వింటూనే ఉన్నాను. చివరికి ఆరుబయట గాలి చప్పుడు, చలికి పిల్ల ఏడుపు. పిల్లల ఏడుపు అంత తీయగా ఉంటుందని ఎవరైనా చెప్తే నేనే చేతులు దగ్గరికి పెట్టి తగ్గించుకోమనేవాణ్ణి.

జనవరి, ఫిబ్రవరి

ప్రసాద్ ప్లేనో నుంచి వచ్చాడు. ఎయిర్‌పోర్టులో నన్ను చూసి, “హైదరాబాద్ బెడ్ క్యాన్సిల్ చేశాను బావా” అన్నాడు. దారంతా కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. అక్కని చూడగానే సూట్‌కేసు వదిలేసి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

అత్తయ్యగారు ముక్కలు ముక్కలుగా వెనక్కి వచ్చారు. ముందు శైలజ పేరు. తర్వాత ఉప్పు. తర్వాత నా మీద కోపం. ఇప్పటికీ సాయంత్రమయ్యేసరికి కొన్ని మాటలు దొరకవు, చెంచాని ‘అది’ అంటారు. కొలనుకొండ దాటారు, కానీ ఒక్కోరోజు చిలువూరులో బండి ఆగదు. అన్నీ రావచ్చు, రాకపోవచ్చు అన్నారు డాక్టర్లు. నాకు బ్యాండు మేళం పోయింది. మెట్లు దిగేటప్పుడు చెయ్యి ఇంకా గోడని వెతుక్కుంటుంది.

గుడారం పీకేశాం. ఫర్నేసు శుభ్రం చేయించి, లైసెన్సు ఉన్నవాళ్ళతో గొట్టాల్ని వేరే గోడకి మార్పించాం. ఇప్పుడవి ఏ కిటికీకీ, తలుపుకీ దగ్గరగా లేవు, మంచు ఎంత పేరుకున్నా అందనంత పైన ఉన్నాయి. ఎంత దూరం, ఎంత ఎత్తు అన్నది మీ ఫర్నేసుతో వచ్చిన పుస్తకంలో ఉంటుంది, మీ ఊరి ఇన్‌స్పెక్టర్ కూడా చెప్తాడు. నన్ను అడగకండి, నా కొలతల సంగతి చూశారుగా. నేను చెప్పగలిగింది ఇంతే. ఆ గొట్టాల ముందు ఏదీ పెట్టకండి. మొక్క, చెత్త డబ్బా, పందిరి, డెక్ కింద అడ్డు పలక, ఏదీ వద్దు. మంచు పడ్డ ప్రతిసారీ వాకిలి కంటే ముందు వాటి దగ్గర తవ్వండి. అలారం పోపుకి అరిస్తే కిటికీ తీయండి, దాని బ్యాటరీ కాదు. పోపు లేకుండా అరిస్తే అందరూ బయటికి నడిచి, బయటి నుంచి ఫోన్ చేయండి. ఇంట్లో అందరికీ ఒకేసారి తలనొప్పి వచ్చి, గడప దాటితే తగ్గుతోందంటే అది ఫ్లూ కాదు, అత్తగారు కాదు.

మార్చి

ఇక లెక్క అప్పజెప్పాలి. ఉడతలు ఎక్కడికీ పోలేదు. చెరువు అబద్ధం. బ్యాండు మేళాన్ని కొంచెం పెంచాను. కమ్మింగ్ పాప సంగతి మీరు నమ్మి ఉండరు, అది ఉన్నదున్నట్టు నిజం.

నేను కల్పించింది కారులో మాటలు. అత్తయ్యగారికి ఆ రోజు గుర్తు లేదు. నేను చెప్పిందే నమ్మి, గుంటూరు ఫోన్ చేసిన ప్రతిసారీ “అంత స్పృహ లేకపోయినా అల్లుడికి క్రాసింగు జవాబు ఇచ్చానే” అని మురిసిపోతూ చెప్పుకుంటున్నారు. ఆవిడ ఆ దారంతా ఒక్క మాట మాట్లాడలేదు. నోరు కొంచెం తెరుచుకుని ఉంది, తల శైలజ చేతుల్లో కారు కుదుపుకల్లా ఊగుతోంది. ఊపిరి ఉందో లేదో చూడటానికి నేను పక్కకి తిరగలేకపోయాను. రోడ్డు మీద కళ్ళు పెట్టి, నా మాటలు నా గొంతుతో, ఆవిడ మాటలు ఆవిడ గొంతుతో, రెండూ నేనే పైకి మాట్లాడుకుంటూ వెళ్ళాను. ఏళ్ళ తరబడి ఇంట్లో ఆవిడ గొంతుని అనుకరించి నవ్వించేవాణ్ణి, శైలజకి అది అస్సలు నచ్చేది కాదు, ఆపమని కసిరేది.

ఆ రోజు ఆపమనలేదు. నేను ఊపిరి తీసుకోవడానికి ఒక్క క్షణం ఆగితే, వెనక సీట్లోంచి “ఇంకా మాట్లాడించండి” అంది.